పగడం రంగు ఎక్కడుంది?

తెలుగువారికి పగడమనగానే గుర్తుకు వచ్చేది రాయి: నల్లపూసల మధ్య గుచ్చిన ఎర్రని పూస, కుజుడి కోసం ఉంగరంలో పొదిగించుకునే రత్నం, కావ్యాల్లో నాయిక పెదవికి ఉపమానం. నగల్లోని మేలిజాతి పగడం మధ్యధరా సముద్రంలో పెరిగే ఒక జీవి అస్థిపంజరం. ఎరుపు ఆ అస్థిపంజరంలోనే ఉంటుంది కనుక జీవి పోయినా రంగు పోదు. ఇళ్ళలో గాజుతొట్లలో పెంచే పగడాల సంగతి దాదాపు తలకిందులు. వాటి అస్థిపంజరం చాలావరకు తెల్లని సున్నం. రంగంతా దానిపై పరుచుకున్న పలుచని కణజాలంలోనూ, అందులో కాపురముండే సూక్ష్మ శైవలాల్లోనూ, అన్నిటికన్నా ముఖ్యంగా పైనుంచి పడే వెలుగులోనూ ఉంటుంది. దీపం మారితే రంగు మారుతుంది. అందుకే వీటి ఛాయాచిత్రం ఎదుట ‘ఈ రంగు నిజమేనా?’ అన్న ప్రశ్న కనిపించినంత సులువైనది కాదు.

ఈ ప్రశ్న నాకు సొంత అనుభవం నుంచే పుట్టింది. బొటనవేలి గోరంత పగడపు ముక్కను ఫోటో చూసి రెండువందల డాలర్లకు కొన్నాను. ఫోటోలో నారింజ, ఊదా, ఆకుపచ్చ పోటీపడి వెలుగుతున్నాయి. పెట్టె విప్పితే చేతికి వచ్చింది గోధుమరంగు ముక్క. మోసపోయాననే అనుకున్నాను. నెల తిరిగాక, నా తొట్టిలోని నీలి దీపాల కింద నేనే ఫోటో తీసి కంప్యూటర్లో కాస్త సవరిస్తే, అది అమ్మకందారు బొమ్మకు కవలలా వచ్చింది. మరి మోసం చేసింది ఎవరు? అతనా, దీపమా, కెమెరానా, నేనా?

జవాబు కోసం కొంచెం భౌతికశాస్త్రం అవసరం. అనేక పగడాల్లో నీలికాంతిని పీల్చుకుని ఆకుపచ్చ, నారింజ, ఎరుపు కాంతులుగా వెలువరించే ప్రోటీన్లు ఉంటాయి. ఈ గుణాన్నే ప్రతిదీప్తి అంటారు. ఈ కుటుంబంలో మొదట దొరికిన ఆకుపచ్చ ప్రోటీన్‌ను 1962లో ఒసాము షిమోమురా జెల్లీచేపలో గుర్తించాడు. దానికి 2008లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ పురస్కారం అందుకున్నాడు. జీవకణాల పరిశోధనలో నేడు విరివిగా వాడే ఎర్ర ప్రోటీన్ సంగతి ఇంకా ముచ్చటైనది. రష్యన్ శాస్త్రవేత్తలు 1999లో ప్రకటించిన ఆ ప్రోటీన్ డిస్కోసోమా అనే తొట్టి జీవిది. అంటే ఈ మెరుపులు కల్పితాలు కావు. తెల్లని వెలుగు వాటిని కప్పేస్తుంది, నీలి వెలుగు బయటపెడుతుంది.

చిక్కు కెమెరాలో మొదలవుతుంది. బ్రైస్ బేయర్ కోడాక్‌లో రూపొందించగా 1976లో పేటెంటు పొందిన అమరికే నేటికీ చాలా కెమెరాల్లో ఉంది. అందులో సగం గళ్ళు ఆకుపచ్చకు, పావు ఎరుపుకు, పావు నీలానికి. నీలి దీపాల కింద ఆ పావువంతు గళ్ళు పొంగిపోతాయి, ఎర్ర గళ్ళు పస్తుంటాయి. ఫోటో మొత్తం నీలిమందు ముంచినట్టు వస్తుంది. అది మన కన్ను చూసిన దృశ్యం కాదు, ఎందుకంటే కన్ను కాసేపటికి ఆ వెలుగుకు అలవాటుపడి సర్దుకుంటుంది. దీన్ని దిద్దడానికి కటకం ముందు పసుపు లేదా నారింజ ఫిల్టరు పెడతారు, లేదా రా ఫైలులో వైట్ బ్యాలెన్స్ మారుస్తారు. మొదటిది నీలాన్ని ఆపి ప్రతిదీప్తిని మాత్రమే రానిస్తుంది. రెండవది ఎరుపును ఎన్నోరెట్లు హెచ్చవేస్తుంది. పగడం కింది తెల్ల పింగాణీ బిళ్ళ తెల్లగా కనబడేదాకా హెచ్చవేస్తే, అదే లెక్కన పగడంలోని సన్నని ఎర్ర మెరుపు నిప్పుకణికవుతుంది. ‘నేను వైట్ బ్యాలెన్స్ తప్ప ఏదీ ముట్టుకోలేదు’ అనే మాట అబద్ధం కాదు. అలాగని అమాయకమైనదీ కాదు.

గతంలో ఈ సమస్యకు దొరికిన పరిష్కారాలు గమనించదగినవి. విలియం సావిల్-కెంట్ 1893లో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌పై ప్రచురించిన గ్రంథంలో, పోటు తగ్గినప్పుడు నీటిపైకి తేలిన పగడాలను నలుపు తెలుపుల్లో ఫోటో తీశాడు; రంగుల పలకలను తన చిత్రాల ఆధారంగా విడిగా అచ్చువేయించాడు. ఏది కెమెరా చెప్పింది, ఏది చెయ్యి చెప్పింది అన్నది పాఠకుడికి స్పష్టం. 1926లో ఫ్లోరిడా దగ్గర డ్రై టోర్టుగాస్‌లో లాంగ్లీ, మార్టిన్ నీటి అడుగున తొలి రంగుల ఫోటోలు తీసినప్పుడు తెప్పమీద మెగ్నీషియం పొడి పేల్చి వెలుగు పుట్టించారు. ఆ రంగులు సముద్రం చూపే రంగులు కావు, ఆ పేలుడు చూపిన రంగులు.

మన కాలపు ఉదాహరణ డేనియల్ స్టూపిన్ 2014లో విడుదల చేసిన ‘స్లో లైఫ్’. మూడున్నర నిమిషాల ఈ చిత్రానికి సుమారు 1,50,000 ఫోటోలు తీశాడు. రాళ్ళలా కనబడే పగడాలు ఒళ్ళు విరుచుకోవడం, ఇసుకను దులుపుకోవడం చూస్తే అవి జంతువులని మొదటిసారి నమ్ముతాం. ఇది గొప్ప కృతి అనడంలో నాకు సందేహం లేదు. అయితే రంగుల గురించి, మౌలికమైన వైట్ బ్యాలెన్స్ తప్ప వేరే మెరుగులు లేవని అతను ఇచ్చిన సంజాయిషీ మాత్రం పై కారణం వల్ల అసంపూర్ణం. కాలాన్ని వేగవంతం చేయడాన్ని మనం ఆక్షేపించం, అది చేశారని తెలుసు కనుక. రంగు విషయంలో ఆ ఒప్పందం కుదరలేదు. చిత్రకారుడు మార్చినదాన్ని తప్పుపట్టనక్కరలేదు. ఏ దీపం కింద తీశాడో, ఎంత మార్చాడో చెప్పకపోవడమే లోపం.

అమ్మకపు ఫోటోల్లో ఈ లోపం పెట్టుబడిగా మారుతుంది. ‘చూసినదే మీకు వస్తుంది’ అన్న హామీ పక్కన దీపం పేరు ఉండదు. వాల్ట్ డిస్నీ పేరు పెట్టుకున్న పగడాలు కూడా ఉన్న ఈ వ్యాపారంలో కొనేది జీవినా, దాని బొమ్మనా అన్నది తేలదు. నేనిప్పుడు ముందు పగడాన్ని చూడను, దాని కింది బిళ్ళను, చుట్టూ ఉన్న ఇసుకను చూస్తాను. వాటి రంగు తెలిసినదే కనుక అవే సాక్షులు.

నష్టం డబ్బుతో ఆగితే ఇంత రాయనక్కరలేదు. సముద్రం వేడెక్కినప్పుడు పగడాలు తమలోని శైవలాలను కోల్పోయి తెల్లబడతాయని తెలిసిందే. కొన్ని మాత్రం తెల్లబడే ముందు కళ్ళు మిరుమిట్లుగొలిపే రంగులు పొందుతాయి. 2017 నాటి ‘చేజింగ్ కోరల్’ చిత్రంలో న్యూ కాలెడోనియా తీరాన ఆ దృశ్యం ఉంది. శైవలాలు తగ్గి లోపల వెలుగు పెరిగినప్పుడు రక్షణ కోసం పగడం ఆ వర్ణకాలను తయారు చేసుకుంటుందని 2020లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వివరించారు. నిండు ఆరోగ్యంతో ఉన్న పగడం చాలాసార్లు ఉత్త గోధుమరంగుది. సవరించిన బొమ్మలతో పెరిగిన కన్ను ఆ గోధుమరంగును చూసి పెదవి విరుస్తుంది, ఆపదలో ఉన్న జీవిని చూసి ఆహా అంటుంది.

పరిష్కారం ఖరీదైనది కాదు. ఒకే పగడానికి రెండు ఫోటోలు, ఒకటి తెల్లని వెలుగులో, ఒకటి నీలి వెలుగులో, కింద దీపం వివరం. నా రెండువందల డాలర్ల ముక్క ఇప్పుడు అరచేతంత అయింది. పొద్దున కిటికీ వెలుగులో గోధుమరంగుగా, రాత్రి నీలి దీపం కింద నారింజగా ఉంటుంది. రెండూ దాని రంగులే.