పెరటి మూలన వాక్కాయ

ఆషాఢం వచ్చేసరికి వంటింట్లో పులుపుకు వెతుకులాట మొదలవుతుంది. పచ్చి మామిడి వెళ్లిపోయింది, చింతచిగురు ముదిరిపోయింది, వేసవిలో దాచిన చింతపండు నల్లబడుతోంది. సరిగ్గా అప్పుడు గుత్తులుగా దిగే కాయ వాక్కాయ. ఒక్క పొదకు మించి చోటులేని పెరట్లో ఆ ఒక్కటీ వాక్కాయే కావాలని నేను గట్టిగా అంటాను. ఇప్పుడు గోడ వారన చాలామంది వేస్తున్న డురాంటా కూడా ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది, పసుపు కాయల గుత్తులూ వేలాడతాయి. కానీ ఆ కాయలు విషం. వాక్కాయ అదే పచ్చదనం ఇస్తుంది, మల్లెను పోలిన తెల్లని పూలు పూస్తుంది, ఆపైన పప్పులోకి పనికొస్తుంది.

పెంచడం కష్టమేమీ కాదు. గింజను ఎండబెట్టి దాచితే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది కాబట్టి బాగా పండిన కాయను పిసికి, కడిగి, వెంటనే నాటాలి. కొమ్మ గుచ్చితే వేరు పట్టడం కష్టం. గాలి అంటు నయం. నీళ్లు నిలవని ఏ నేలైనా సరే. దీని అడవి చుట్టం కలివి రాయలసీమ రాతినేలల్లో బతుకుతుంది. 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించిన కలివికోడి అనే పక్షికి ఆ పేరు ఈ పొదల వల్లే వచ్చిందంటారు. అలాంటి పొదల జాతికి రోజూ నీళ్లు పోస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. అసలు పొరపాటు జరిగేది కత్తెర దగ్గర. పూలు కొమ్మల చివర్లలో పూస్తాయి. నెలనెలా పైన సాపు చేస్తే పొద చూడ్డానికి నున్నగా ఉంటుంది, కాయ మాత్రం ఉండదు. కోత ముగిశాక ఒక్కసారి కత్తిరించి వదిలేస్తే కొత్త కొమ్మలు సాగి, ఎండలు ముదిరేలోపు పూతకొస్తాయి.

ముళ్ల మాటేమిటని అడుగుతారు. నిజమే, జంటలుగా లేచే ఆ ముళ్లు గట్టివి, ఒక్కోటి రెండంగుళాల దాకా సాగుతుంది. పిల్లలు పరుగెత్తే దారి పక్కన దీన్ని వేయకూడదు. కానీ పొలం గట్ల మీద పశువులను ఆపింది ఆ ముళ్లే. వెనక గోడ మూలన, నడుమెత్తు దాకా కింది కొమ్మలు తీసేసి పెంచితే అవి మనకు అడ్డురావు, బయటివాళ్లకే అడ్డు. ఇంకో భయం కాయ కోస్తే కారే పాల గురించి. వాక్కాయది గన్నేరు కుటుంబం, గన్నేరు విషం. చుట్టరికాన్ని బట్టి అనుమానించడం తప్పుకాదు. అయితే తరతరాలుగా కోనసీమ నుంచి తెలంగాణ దాకా పప్పులో, పచ్చడిలో, పులిహోరలో ఈ కాయ వాడుతూనే ఉన్నాం. బేకరీల్లో చెర్రీ పేరుతో కనిపించే ఎర్ర పండు చాలాచోట్ల పాకంలో ఊరి రంగు పూసుకున్న వాక్కాయే.

ఒక కాయను నిలువునా చీల్చి చూడండి. ఒకవైపు లేత పచ్చ, ఎండ తగిలిన చెంప గులాబీ. కోతపెట్టిన చోట తెల్లటి పాలు చుక్కకట్టి వేళ్లకు జిగురులా పట్టుకుంటాయి. చేతికి కాస్త నూనె రాసుకుని గింజలు తీసి, ముక్కలను ఉప్పునీళ్లలో వేసి కడిగితే జిగురు పోతుంది. కందిపప్పు సగం ఉడికాక ఆ ముక్కలు వేస్తే చింతపండు అక్కర్లేదు, పులుపుతో పాటు చిన్న వగరు కూడా వస్తుంది. కోయకుండా వదిలిన కాయలు ముదురు ఊదాకు తిరిగి కొంత తీపెక్కుతాయి. వాటిని పిగిలిపిట్టలకు వదిలేసినా, నాలుగు మాత్రం కోసి ఆ రోజే మట్టిలో పెట్టాలి. పక్కింటివాళ్లు మొక్క అడిగేసరికి సిద్ధంగా ఉంటుంది.