తెలుగు తెలిసిన ఇంగ్లీషు టీచరు

తెలుగు పిల్లలకు ఇంగ్లీషు చెప్పే టీచరు పనితనం సగం తెలుగులోనే ఉంటుంది. మన వాక్యంలో క్రియ చివరికొస్తుంది, ఇంగ్లీషులో కర్త వెంటే వచ్చేస్తుంది. ఆర్టికల్స్ మనకు లేనే లేవు. హల్లుతో ముగిసే మాటకు మన నాలుక ఓ ఉకారం తగిలిస్తుంది. ‘బస్’ ‘బస్సు’ అయింది అందుకే. ఇవి తెలిసిన టీచరు తప్పు రాసిన పిల్లవాణ్ణి మొద్దు అనుకోరు, ఆ తప్పు ఏ దారిన వచ్చిందో పసిగడతారు.

క్లాసులో తెలుగు వినబడితే ఇంగ్లీషు రాదని కొందరి వాదన. చుట్టూ ఇంగ్లీషే మాట్లాడే చోట అది నిజమే కావచ్చు. రోజుకో పీరియడ్ తప్ప ఆ భాష చెవిన పడని పల్లెటూరి బడిలో మాత్రం అర్థం కాని ఇంగ్లీషు ఉత్త చప్పుడే. అలాగని పాఠమంతా తెలుగులో చెప్పేసి గైడు బట్టీ పట్టించడమూ (అదీ బోలెడంత జరుగుతోంది) బోధన కాదు. తెలుగు ఎక్కడ ఆపాలో తెలియడమే అసలు నేర్పు. తెలుగు ఆపిన చోట సాహిత్యం అక్కరకొస్తుంది. ఆర్.కె. నారాయణ్ 1935లో వెలువరించిన ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’లో పరీక్షలూ క్రికెట్టూ నాయనమ్మా మన పిల్లలు ఎరిగినవే, కొత్తది భాష ఒక్కటే. ఇంగ్లీషు ముక్కలే చదువు కాదని చెప్పేదీ సాహిత్యమే. విజయనగరం మహారాజా కళాశాలలో ఇంగ్లీషు వ్యాకరణం చెప్పిన గురజాడే, ‘కన్యాశుల్కం’ నాటకంలో ఇంగ్లీషు ముక్కలతో శిష్యుడు వెంకటేశాన్ని బురిడీ కొట్టించే గిరీశాన్ని సృష్టించారు. ఆ బడాయిని చదువనుకునే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లకు జవాబు చెప్పుకోవలసిందీ తెలుగు తెలిసిన ఇంగ్లీషు టీచరే.