బోల్టు తలమీద ఎఫ్

రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపు అమ్మకానికుందని తెలిస్తే, అమెరికాలోనో ఇంగ్లండులోనో సేకరణ పిచ్చి పట్టిన మనిషి ముందు ఇంజను స్టార్టు చేయించడు. నేలమీద పడుకుని బంపరు కిందికి టార్చి వేస్తాడు. రేడియేటరు అడుగున ఫ్రేముకు అడ్డంగా ఉన్న ఉక్కు ముక్క గుండ్రటి గొట్టమైతే అది విల్లీస్ కంపెనీ ఫ్రేము. పలకలుగా వంచిన రేకైతే ఫోర్డు. ఆ తర్వాత బోల్టుల తలలు ఒక్కొక్కటే గుడ్డతో తుడుచుకుంటూ పోతాడు. వాటిమీద బుల్లి ఎఫ్ అక్షరం కనిపించిందా, ఇక బేరం ఆడటం ఆయన వల్ల కాదు.

జీపు తొలి నమూనాను 1940 సెప్టెంబరులో సైన్యం ముందు నిలబెట్టింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. సైన్యం బాంటమ్ డ్రాయింగులను విల్లీస్‌కీ ఫోర్డుకీ చూపించింది. చివరికి పెద్ద ఆర్డరు విల్లీస్‌కు వెళ్లింది. బాంటమ్‌కు ట్రెయిలర్లు చేసే పని మిగిలింది. ఇంతకన్నా అన్యాయమైన కథ మోటారు చరిత్రలో అరుదే. ఒక్క ఫ్యాక్టరీ చాలదని తేలాక, విల్లీస్ నమూనా ప్రకారమే జీపులు చేయమని ఫోర్డుకూ అప్పగించారు. యుద్ధం ముగిసేసరికి విల్లీస్ సుమారు 3,60,000, ఫోర్డు సుమారు 2,78,000 బళ్లు చేశాయి. 1942 ఫిబ్రవరి నుంచి అమెరికాలో మామూలు జనానికి కార్ల తయారీయే ఆగిపోయింది. ప్యాకార్డ్ విమానాల ఇంజన్లు చేసింది, క్రైస్లర్ ట్యాంకులు చేసింది.

మొదట్లో రెండు కంపెనీలూ బండి వెనక రేకుమీద తమ పేరు పెద్దగా అచ్చు కొట్టుకున్నాయి. 1942లో సైన్యం అది కుదరదంది. వెనక పేరు పోయినా ఫోర్డు భాగాలమీద ఎఫ్ మాత్రం ఉండిపోయింది. నేటి సేకర్తలకు ఆ అక్షరమే ఆధారం. ముందు జాలీ కథ మరీ బాగుంటుంది. తొలి విల్లీస్ జీపులకు ఇనప బద్దీలు వెల్డింగు చేసిన జాలీ ఉండేది. ఫోర్డు వాళ్లు ఒకే రేకును ప్రెస్సులో నొక్కి తొమ్మిది గాళ్లు తీశారు. తేలిక, చవక. విల్లీస్ కూడా దాన్నే తీసుకుంది. కార్ల కంపెనీ చేతి నేర్పు అంటే ఇదే.

బండి ఇంటికి చేరాక అసలు పని మొదలు. బానెట్‌మీద నీళ్లు చల్లి సన్నటి గరుకు కాగితంతో పొర పొరగా గీస్తారు. పైన ఏ రైతో వేసుకున్న ఎరుపు, దానికింద యుద్ధానంతర సైన్యపు పచ్చరంగు, ఇంకా కింద మెరుపులేని యుద్ధకాలపు ఆలివ్ రంగు, దానిమీద అసలు సైనిక నంబరు. తొందరపడి ఎమరీ చక్రం పెట్టినవాడికి ఆ నంబరు దక్కదు. డ్యాష్‌బోర్డుమీది పలకలో డెలివరీ తేదీ ఉంటుంది గానీ దాన్ని పూర్తిగా నమ్మకూడదు, కొత్త పలకలు కావలసినన్ని అమ్ముతున్నారు. ఫోర్డు బండిలో ఫ్రేముమీద కొట్టిన నంబరూ ఇంజను నంబరూ ఫ్యాక్టరీలో ఒకటే. మరమ్మతు డిపోల్లో ఇంజన్లు మారిపోవడంతో రెండూ కలిసిన బండి దొరకడం అదృష్టం. తుప్పు ఎక్కడంటే, నేల రేకుకు అడుగున ఆసరాగా ఉండే దూలాల్లో. వాటి లోపల కర్ర కూరేవారు. అది తడిని పట్టుకుని ఇనుమును లోపలినుంచే తినేసేది.

ఒక్క విషయంలో నేను శుద్ధివాదులతో ఏకీభవించను. వాళ్లు ఫోర్డు బండిలో ప్రతి బోల్టూ ఎఫ్ బోల్టే కావాలంటారు. దొరక్కపోతే కొత్తగా చేసిన ఎఫ్ బోల్టులు కొని బిగిస్తారు. కానీ సైన్యం పెట్టిన షరతే వేరు: ఒకరి భాగం మరొకరి బండికి సరిపోవాలి. నార్మండీ బురదలో మెకానిక్కు ఏది చేతికందితే అది బిగించాడు. నూటికి నూరుపాళ్లు ఫోర్డు అయిన జీపు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజుది, యుద్ధం చూసినది కాదు. అయితే ఏ నెలలో ఏ భాగం మారిందో, బతికున్న బళ్లనూ పాత ఫోటోలనూ పక్కపక్కన పెట్టి తేల్చింది కూడా ఈ శుద్ధివాదులే. ఆ ఓపికకు దండం పెట్టాల్సిందే.

భాగాలమీద గుర్తు కొట్టిన ఫోర్డుకు పూర్తిగా ఎదురు కేసు లిబరేటర్ పిస్తోలు. దాన్ని చేసింది జనరల్ మోటార్స్‌లో హెడ్‌లైట్లు చేసే గైడ్ ల్యాంప్ విభాగం. 1942 వేసవిలో రేకులు నొక్కి సుమారు పది లక్షలు చేశారు. రహస్యం కోసం కాగితాల్లో దాని పేరు సంకేత దీపాలు విసిరే సాధనం. శత్రు ఆక్రమిత దేశాల ప్రతిఘటన వీరులకు చేరాలని తలపెట్టారు గనక కంపెనీ గుర్తు ఎక్కడా కొట్టలేదు. అందుకే సేకర్తలకు పిస్తోలుకన్నా దాని అట్టపెట్టె, అక్షరం లేకుండా బొమ్మలతోనే వాడకం చెప్పే కాగితం, ఖాళీ తూటా తొయ్యడానికిచ్చిన కర్రపుల్ల ముఖ్యం.

మళ్లీ జీపుకొస్తే, మన దేశంలో మహీంద్రా 1940ల చివర్లో విల్లీస్ జీపులను అమర్చడం మొదలుపెట్టింది. తహసీల్దారు జీపు, పోలీసు జీపు, ఎన్నికల మైకు జీపు, ఆ వంశానివే. వాటికి పచ్చరంగు వేసి యుద్ధపు జీపని అంటగట్టేవాళ్లకు కొదవలేదు. కొనేవాళ్లు ముందు జాలీ లెక్కపెట్టాలి: యుద్ధం నాటి నొక్కుడు జాలీకి తొమ్మిది గాళ్లు, పౌర జీపుకు ఏడు. వెనక దించే తలుపు ఉంటే పౌర బండే. పెట్రోలు పోసే మూత డ్రైవరు సీటు కింద ఉండాలి. హెడ్‌లైటు మరను విప్పి, దీపాన్ని వెనక్కి తిప్పితే వెలుతురు ఇంజనుమీద పడాలి. అమ్మేవాడు ఆ మర ఎక్కడుందో చూపించలేకపోతే లేచి వచ్చేయొచ్చు.