ఎవరి కథ, ఎవరి దస్తూరి?

వయోజనుల బళ్లలో 'మీ బతుకు గురించి మీరే రాయండి' అనడం ఇప్పుడు అలవాటైంది. మంచిదే. అయితే రాసింది అచ్చయ్యేలోపల ఏమైపోతోందన్నదే మా పేచీ.

నెల్లూరు అనుభవం అందరం చెప్పుకునేదే. అక్షరాస్యతా ఉద్యమ వాచకంలో 'సీతమ్మ కథ' చదివి చర్చించుకున్న దూబగుంట స్త్రీలు తమ ఊళ్లో సారా కొట్టు మూయించారు. ఆ గెలుపే తర్వాతి వాచకంలో 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమైంది, ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. చదువుకున్న బలానికి దీన్ని ఉదాహరణగా చూపిస్తాం, మేమూ చూపించాం. కానీ అప్పుడు రోడ్డెక్కిన వాళ్లలో కూలికెళ్లే దళిత, వెనకబడిన కులాల స్త్రీలు చాలామంది. పాఠం పేరులో వాళ్లు ఉత్త 'ఆడవాళ్ళు'. ఆ పాఠంలో పాత్రలూ వాళ్లే, దాన్ని చదివిందీ వాళ్లే. కలం మాత్రం వేరేవాళ్ల చేతిలో ఉంది.

కలం చేతికిచ్చినంత మాత్రాన ఈ సమస్య తీరదు. మేము నడిపిన ఒక రాత్రి బడిలో మాదిగపల్లె నుంచి వచ్చే ఒకామె, చిన్నప్పుడు బాయి కాడ వాళ్లు పైనించి పోస్తే దోసిలి పట్టి తాగేవాళ్లమని రాసింది. పాఠం చెప్పే కుర్రాడు ఒత్తులూ దీర్ఘాలూ దిద్దుతూ దిద్దుతూ దాన్ని 'మా గ్రామమునందు మంచినీటి ఇబ్బంది ఉండెను' అని చేశాడు. తప్పులన్నీ పోయాయి. వాటితోపాటు బాయీ పోయింది, పోసిన చెయ్యీ పోయింది, కులమూ పోయింది. నీళ్లు లేక కాదు గదా ఆమె దోసిలి పట్టింది! ఆ కుర్రాడు మనవాడే. బడిలో అతనికి నేర్పిన 'మంచి తెలుగు' అది.

బేబీ కాంబ్లే తన కథ రాయడం ఏ వయోజనుల బడిలోనూ నేర్చుకోలేదు. కొట్లో కూర్చుని, ఇంట్లోవాళ్లకు తెలీకుండా దాచుకుంటూ ఏళ్ల తరబడి రాసింది. 'జిణ ఆముచ' పుస్తకంగా 1986లో వచ్చింది. బామ 1992లో 'కరుక్కు'ను తన వాళ్ల మాటతోనే తమిళంలో నిలబెట్టింది. ఈ పుస్తకాలను నమూనాలుగా పంచి 'ఇట్లా రాయండి' అంటే మళ్లీ వాచకమే అవుతుంది. రాసేవాళ్లకు కావలసింది తీరిక, ఎవరూ తెరవని ఒక నోటుబుక్కు, 'ఇది తప్పు' అనకుండా వినే మనిషి. పగలంతా నాట్లేసి వచ్చిన మనిషికి తీరిక ఎక్కణ్ణించి తెస్తామన్నదానికి మా దగ్గరా జవాబు లేదు.

ఇప్పుడు అచ్చుకి పంపేముందు రాసినవాళ్లకే చదివి వినిపిస్తున్నాం. మొన్న ఒకామె సగం విని, 'ఇది నేను జెప్పింది గాదే' అని కాయితం లాక్కుంది.