బొయ్యిమనే శబ్దానికీ స్వరం ఉంది

"వాల్వులన్నీ మార్చేశా బాబాయ్, బొయ్యిమనడం మాత్రం ఆగలేదు."

సొంతంగా కట్టుకున్న గిటార్ యాంప్లిఫయర్‌ను బల్ల మీద పెట్టి, ఎ.కొండూరు కుర్రాడొకడు ఈ వారం అన్న మాట. వినగానే ఒళ్లు మండింది. కొలవకుండా ఏ భాగమూ మార్చొద్దని నేను పెట్టే పోరు ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తేమీ కాదు. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వులు తయారుచేసిన రోజులు పోయాయి. ఇప్పుడవి రష్యా, చైనా, స్లొవేకియాల నుంచి రావాలి. బాగున్న వాల్వును పీకి పక్కన పడేస్తే నేను సహించలేను.

కట్టిన తీరు మాత్రం ముచ్చటేసింది. ముందు ఒక ఈసీసీ83 వాల్వు, చివర ఒక ఈఎల్84 వాల్వు, పాత రేడియోలోంచి తీసిన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. మీటరు పెట్టి చూశాం. హెచ్‌టీ (వాల్వులకిచ్చే హై టెన్షన్ సరఫరా) 250 వోల్టులు, ఈఎల్84 కాథోడ్ మీద ఏడు పైచిలుకు, ఫిలమెంటుకు 6.3. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. బొయ్యి మాత్రం అలాగే ఉంది.

అప్పుడు గుర్తొచ్చాడు, నా చిన్నప్పటి తిరువూరు రేడియో మెకానిక్. 1948 డిసెంబర్ 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక ఇళ్లలోకి చేరిన వాల్వు రేడియోలు పాడైతే మా వాళ్లు ఆయన దగ్గరికే మోసుకెళ్లేవారు. ఆయన వెనక అట్ట వెంటనే విప్పేవాడు కాదు. రేడియో పెట్టి, స్పీకరు గుడ్డకు చెవి ఆనించి, వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, మళ్లీ పెంచి వినేవాడు. అదంతా గిరాకీ ముందు ఆర్భాటమనుకునేవాణ్ణి. కానీ అందులో గట్టి లెక్క ఉంది. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు, అంటే 50 హెర్ట్జ్. ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ దాటితే ఆ అల 100 అవుతుంది. ఫిల్టరు కెపాసిటర్లు ఎండిపోతే వినిపించేది 100. ఫిలమెంటు తీగల నుంచి చొరబడేది 50. వాల్యూమ్ తగ్గిస్తే శబ్దమూ తగ్గిందా, లోపం వాల్యూమ్ కంట్రోల్‌కు ముందుంది. తగ్గలేదా, తర్వాతి భాగంలో ఉంది.

కుర్రాడిని గిటార్ లావు తీగ మీద మూడో ఫ్రెట్ మీటమన్నాను. అది 98 హెర్ట్జ్. బొయ్యి దానికి ఒక స్థాయి కిందుంది. అంటే 50. వాల్యూమ్ తగ్గిస్తే చాలావరకు అణిగింది. కరెంటు ఆపి, చల్లారాక ఈసీసీ83 తీసి చూస్తే పూర్తిగా పోయింది. ఫిలమెంటు వైండింగ్‌కు చాసిస్‌తో ఏ సంబంధమూ లేకుండా వదిలేశాడు. దాని రెండు కొసల నుంచీ చాసిస్‌కు చెరో 100 ఓమ్‌ల రెసిస్టర్ వేయగానే శబ్దం మాయం.

చెవిని నమ్మినవాడు మా మెకానిక్ ఒక్కడే కాదు. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు పెట్టిన లియో ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు. తాను తయారుచేసిన గిటార్ యాంప్‌లు వాయిద్యగాళ్ల చేతికిచ్చి, వాళ్లేమంటారో విని సరిచేసేవాడు. ఈ కుర్రాడికి వాయించడమూ వచ్చు, సోల్డరింగూ వచ్చు. అంతకంటే ఏం కావాలి?

కాబట్టి నా పాత మాట మార్చుకుంటున్నాను. ముందు చెవి, తర్వాతే మీటరు. ఒక్కచోట మాత్రం మీటరే ముందు. ప్లగ్గు పీకాక కూడా హెచ్‌టీ కెపాసిటర్లలో ప్రాణం తీసే వోల్టేజీ నిలిచి ఉంటుంది. పెట్టె విప్పేవాళ్లు మొదట దాన్ని కొలవండి. దిగకపోతే రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మళ్లీ కొలిచాకే లోపల చెయ్యి పెట్టండి.