గ్రాఫు చూసే ముందు అడగడం నేర్వాలి

రౌటర్లు, సర్వర్ల బాగోగులు కనిపెట్టి చూసే టూల్స్ ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఇన్‌స్టాల్ చేస్తే చాలు, రంగురంగుల గ్రాఫులు తెర మీదికొస్తాయి. అయినా జగిత్యాల దగ్గర నాచుపల్లిలో 2007 నుంచి ఉన్న జేఎన్టీయూ కాలేజీ విద్యార్థులైనా, 2021లో మొదలైన సిరిసిల్ల కాలేజీ విద్యార్థులైనా, కోరుట్లలో డిప్లొమా చదివే పిల్లలైనా ఆ గ్రాఫుల జోలికి పోకముందే పరికరాన్ని వివరాలు అడిగే ఒక చిన్న క్లయింట్ ప్రోగ్రాం సొంతంగా రాయాలంటాను. పని పెద్దదేం కాదు. నెట్‌వర్క్ పరికరాల బాగోగులు అడిగి తెలుసుకోవడానికి 1988లో వచ్చిన ఎస్‌ఎన్‌ఎంపీ పద్ధతిలో, పరికరం లోపల ఏజెంట్ అనే ప్రోగ్రాం యూడీపీ 161 పోర్టు దగ్గర కాచుకుని ఉంటుంది. దాని దగ్గరున్న ప్రతి వివరానికీ అంకెలతో ఒక చిరునామా ఉంటుంది. ఆ చిరునామా పంపితే విలువ తిరిగొస్తుంది. లైబ్రరీ సాయం తీసుకుంటే పైథాన్‌లో కొద్ది లైన్లతో అయిపోతుంది.

అసలు చదువు జవాబు వచ్చాకే మొదలవుతుంది. ఎంతసేపటి నుంచి నడుస్తోందో చెప్పే 1.3.6.1.2.1.1.3.0 చిరునామాను అడిగితే 8640000 వచ్చిందనుకోండి. అది సెకనులో నూరో వంతుల లెక్క, అంటే సరిగ్గా ఒక రోజు. ఆ రోజు కూడా యంత్రం ఆన్ అయిన దగ్గర్నుంచి కాదు, ఏజెంట్ మొదలైన దగ్గర్నుంచి. ఏజెంట్ ఒక్కటే రీస్టార్టయినా లెక్క మొదటికొస్తుంది. లైనులో ఎన్ని బైట్లు వచ్చాయో చెప్పే కౌంటరైతే సిరిసిల్లలో కరెంటు సరఫరా చేసే సహకార సంఘం సెస్ వాళ్లు చూసే మీటరు లాంటిది: పాత రీడింగు తీసేస్తేగానీ వాడకం తేలదు. 32 బిట్ల కౌంటరు గిగాబిట్ లైను నిండుగా నడిస్తే దాదాపు 34 సెకన్లకే చుట్టు తిరిగి సున్నాకొస్తుంది. ఐదు నిమిషాలకోసారి అడిగే ప్రోగ్రాంకు మధ్యలో ఎన్ని చుట్లు తిరిగిందో తెలియదు. గ్రాఫు మాత్రం నున్నగా, నమ్మబలికేలా వస్తుంది. 64 బిట్ల కౌంటరును అడగాలన్న సంగతి ఈ లెక్క ఒకసారి వేసి చూసినవాళ్లకే తడుతుంది.

కంపెనీలు అడిగేది టూల్ అనుభవమే కదా, కోడ్ ఏఐ రాసిపెడుతుంది కదా అంటారు. కోడ్ ఎవరు రాసినా, వచ్చిన అంకె నమ్మదగిందో కాదో తేల్చాల్సింది మనిషే. చిన్న ఊళ్లలో ఖరీదైన రౌటర్లు ఎక్కడివన్న మాట కూడా నిలవదు. నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ ఉచితం, ఏజెంటూ క్లయింటూ ఒకే ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. భద్రత గురించిన అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. పాత వెర్షన్లలో పాస్‌వర్డ్ లాంటి కమ్యూనిటీ పేరు దాపరికం లేకుండా నెట్‌వర్క్‌లో పోతుంది. అందుకే సాధన సొంత యంత్రం మీదే చేయాలి, ఎన్‌క్రిప్షన్ ఉన్న మూడో వెర్షన్ కూడా నేర్పాలి. ల్యాబ్ రికార్డులో మార్కులు ప్రోగ్రాం నడిచినందుకు కొన్నే చాలు. వచ్చిన అంకె ఏ యూనిట్‌లో ఉంది, ఎప్పుడు సున్నా అవుతుంది, ఎప్పుడు నమ్మకూడదు అన్నవి చెప్పగలిగినందుకే ఎక్కువ వేయాలి.