జపాను లిపియుఁ దెలుఁగు చదువరియు

హైదరాబాదు హుస్సేనీ ఆలం వీథులలోని యుర్దూ ఫలకములను జదువువాఁడు వ్రాయని హ్రస్వస్వరములను భాషాజ్ఞానముచేఁ బూరించుకొనును. తెలుఁగు చదువరి కా శ్రమ లేదు. జపాను లిపి నేర్చుటలో నతనికిఁ గలుగు చిక్కునకుఁ గారణ మీ యలవాటే.

అ, ఇ, ఉ, ఎ, ఒ. క, స, త, న యని సాగు కానాక్షరక్రమము సంస్కృతవర్ణాధ్యయనమువలన నేర్పడినది గావున మనకు సుపరిచితముగాఁ దోఁచును. దానినే చూచి లిపి సులభమనుట తొందరపాటు. 2010లో నిత్యవ్యవహారమునకు నిర్ణయింపఁబడిన కంజి యను చీనాక్షరములు 2136. పర్వతార్థకమైన యొకే యక్షరము విడిగా 'యమ' యనియు, ఫుజి పర్వతనామమునఁ జివర 'సన్' అనియుఁ బలుకఁబడును.

తెలుఁగు లిపిలోఁ బాఠము వ్రాసికొన్నఁ జాలునను వాదమును నిలువదు. 'హషి' యని వ్రాసినచో వంతెనయో, అంచో, తినుటకు వాడు పుల్లలో తెలియదు; కంజియే తెలుపును. ధ్వనిని గ్రహించుట కలవడిన కన్ను అర్థమును గ్రహించుట నేర్వక జపాను చదువు రాదు.